తల్లిగారింటి నుంచి బిడ్డ వచ్చేలోపు: పెద్దపాపను, కుక్కను, పిల్లిని సిద్ధం చేయడం ఎలా?

కొత్త బిడ్డను ఇంట్లో కుక్కకు ఎలా అలవాటు చేయాలో చెప్పే సలహాలు చాలావరకు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజుతో మొదలవుతాయి. మన దగ్గర ఆ రోజు అలా ఉండదు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తల్లిగారింటికి వెళ్లిన ఇల్లాలు మూడో నెల బిడ్డను ఎత్తుకుని తిరిగి వస్తుంది. అప్పటికి కుక్క ఆమెను చూసి నెలలు గడిచిపోయి ఉంటాయి. పెద్దపాప కూడా అమ్మ వెంట వెళ్లి ఉంటే తనకూ ఇల్లు కొత్తగానే ఉంటుంది. ఒకే గడపలో ఒకే పూట ముగ్గురి రాక. పైగా హారతి పళ్లెం, చూడటానికి వచ్చిన చుట్టాలు, పక్కింటి వాళ్లు.

మేము హనుమకొండలో వడ్డేపల్లి చెరువుకు దగ్గరలో ఉంటాం. బాబు పుట్టేనాటికి మా చిట్టికి నాలుగున్నరేళ్లు. కట్ట మీద దొరికిన నల్ల ఊరకుక్క ఒకటి ఉంది, పేరు కర్రి. ఒక వానాకాలం తనంతట తానే వచ్చి పిండి డబ్బాలో పడి, ఆ పేరే నిలుపుకున్న తెల్ల పిల్లి పిండి ఇంకొకటి. కాన్పుకు మా ఆవిడ నర్సంపేటలోని తల్లిగారింటికి వెళ్లింది, చిట్టి కూడా వెళ్లింది. నేనూ, కర్రీ, పిండీ ఇక్కడ మిగిలాం. ఆ ఎడబాటు అప్పుడు కష్టంగానే అనిపించింది. తర్వాత చూస్తే మాకు అక్కరకొచ్చింది ఆ గడువే. ఇంట్లో మారాల్సినవన్నీ బిడ్డ రాకముందే మారిపోవాలి. బిడ్డ వచ్చాక మారితే కుక్క దృష్టిలోనూ, పెద్దపాప దృష్టిలోనూ నేరం బిడ్డ మీద పడుతుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే కింద చెప్పేవాటిలో సగం మీకే తోస్తాయి.

ఏడో నెలలోనే మొదలుపెట్టండి

ముందు పశువైద్యుడి పని ముగించండి. కుక్కకు రేబిస్ టీకా ఏడాదికోసారి పడుతోందో లేదో కార్డు తీసి చూడండి. తేదీ దాటి ఉంటే రేపే తీసుకెళ్లండి. ఖర్చుకు వెనకాడేవాళ్లు జూలై 6ను గుర్తుపెట్టుకోండి. 1885లో ఆ రోజునే లూయీ పాశ్చర్ రేబిస్ టీకాను మొదటిసారి ఒక బాలుడికి వేశాడు. దాన్ని పురస్కరించుకుని చాలా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఆ రోజు పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు.

నట్టల మందు మూడు నెలలకోసారి పడాలి. కుక్క కడుపులోని పురుగుల గుడ్లు మలంతో మట్టిలో కలుస్తాయి. రేపు నేల మీద పాకే పిల్లవాడి చేతికి, అక్కడి నుంచి నోటికి చేరేది ఆ మట్టే. వానాకాలమైతే చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో గోమార్లు వెతకండి. ఒక్క హెచ్చరిక: కుక్కకు తెచ్చిన గోమార్ల మందును మిగిలింది కదా అని పిల్లికి పూయకండి. పర్మెత్రిన్ కలిసిన మందు కుక్కకు ఏమీ చేయకపోయినా పిల్లి ప్రాణం తీయగలదు.

ఇక పిల్లి సంగతి. గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లి ఉండకూడదన్నది మా అత్తమ్మ గట్టి నమ్మకం. పిండిని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలి రమ్మని రెండుసార్లు ఫోను చేశారు. ఆమె భయం పూర్తిగా వట్టిది కాదు. టాక్సోప్లాస్మా అనే క్రిమి పిల్లి మలంలో ఉండవచ్చు, అది గర్భంలోని బిడ్డకు హాని చేయగలదు. అయితే మలంతో బయటపడిన ఆ క్రిమి మనిషికి సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి పిల్లి మట్టి తొట్టెను గర్భిణి ముట్టుకోకుండా ఇంట్లో మరొకరు ఏ రోజుకారోజు శుభ్రం చేస్తే చాలు. ఆ తొమ్మిది నెలలు ఆ పని మీదే. పెరట్లో మొక్కల మట్టి తవ్వే పని, సరిగ్గా ఉడకని మాంసం కూడా ఆమె మానుకోవాలి. నిజానికి ఈ రెండింటి గురించే ఎవరూ ఫోను చేయరు.

ఇప్పుడు అసలు పని. బిడ్డ వచ్చాక కుక్కకు ఏ హద్దులు పెట్టాలనుకుంటున్నారో అవి ఇప్పుడే పెట్టండి. కర్రి మా మంచం కాళ్ల దగ్గర పడుకునేది. పడకగదికి వడ్రంగి చేత జాలీ తలుపు పెట్టించాం. గోడలాంటి తలుపు వద్దు, జాలీదే పెట్టించండి. కుక్కకు లోపలి మనుషులు కనిపిస్తారు, వాసన తగులుతుంది, లోపలికి మాత్రం రాలేదు. దోమలకూ అదే అడ్డు. గొళ్లెం పిల్లకు అందనంత ఎత్తులో పెట్టమని చెప్పండి. మొదటి మూడు రాత్రులు కర్రి జాలీకి ముక్కు ఆనించి సన్నగా మూలిగింది. మా ఆవిడ రెండుసార్లు లేవబోయింది. నేను లేవనివ్వలేదు, నాకూ నిద్ర పట్టలేదు. నాలుగో రాత్రి తలుపు అవతల పరిచిన, వరంగల్ కొత్తవాడలో నేసిన పాత జంపఖానా మీద చుట్టుకుని పడుకుంది. (వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని మీద ఇప్పుడు మా ఊరకుక్క పడుకుంటోంది, నేతగాళ్లు మన్నించాలి.)

కుక్కకు అన్నం పెట్టేది, బయటికి తిప్పేది మీ ఆవిడ అయితే ఆ పనులు కూడా నెల ముందే మీ చేతికి మార్చుకోండి. వేళను అరగంట అటూ ఇటూ చేస్తూ ఉండండి. బిడ్డ వచ్చాక ఏ పనీ గడియారం ప్రకారం జరగదు.

పెద్దపాప విషయంలోనూ ఇదే సూత్రం. అమ్మా నాన్నల మధ్యన పడుకునే పిల్లను నాయనమ్మ పక్కకు మార్చాలంటే ఇప్పుడే మార్చండి. బడిలో చేర్చాలంటే ఇప్పుడే చేర్చండి, లేదా బిడ్డ వచ్చిన రెండు మూడు నెలల దాకా ఆపండి. తమ్ముడు వచ్చిన వారమే తనను బడికి పంపితే, పిల్లకు అది పంపడంలా తోచదు, వెళ్లగొట్టడంలా తోస్తుంది.

ఉయ్యాలను అటక మీంచి దించండి

కుక్కకు ఉయ్యాల వింత వస్తువు. ఇంటి మధ్యలో దూలానికి వేలాడుతూ కదులుతుంది, కిర్రుమంటుంది, లోపల ఏదో ఉంటుంది. కాబట్టి ముందే వేలాడదీసి అలవాటు చేయాలనుకున్నాను. మా అమ్మ ఒప్పుకోలేదు. ఖాళీ ఉయ్యాల ఊపకూడదు, బిడ్డ పుట్టకముందు ఏ వస్తువూ సిద్ధం చేయకూడదు అంది. ఇలాంటిచోట పెద్దవాళ్లతో వాదించి గెలిచేదేమీ లేదు. చిట్టి పాత గుడ్డబొమ్మను అందులో పడుకోబెట్టాం. ఉయ్యాల ఇక ఖాళీది కాదు. పైగా అది చిట్టి పాత ఉయ్యాలే, కొత్తగా కొన్నది కాదు. మా అమ్మ కాసేపు ఆలోచించి, సరే అంది.

ఆ బొమ్మ మాకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. చిట్టి రోజూ దాన్ని ఊపుతూ జోల పాడేది. మొదటి రోజు కర్రి పది అడుగుల దూరం నుంచి మొరిగింది. చిట్టిని ఆపమన్నాను. కర్రి ఊరుకోగానే ఉడికించిన గుడ్డు ముక్క పెట్టాను. మళ్లీ ఊపడం, మళ్లీ ముక్క. అయిదో రోజుకు ఉయ్యాల కదిలితే కర్రి మొరగడం మాని నా చెయ్యి వైపు చూసేది. కుక్కకు నేర్పాల్సింది అంతే. ఉయ్యాల కదిలితే తనకు మంచే జరుగుతుందని దానికి తెలియాలి.

ఏడుపుకు కూడా ఇలాగే అలవాటు చేయండి. ఫోనులో పసిబిడ్డ ఏడుపు వినిపించేవి బోలెడు దొరుకుతాయి. వినీ వినిపించనంత చిన్న శబ్దంతో మొదలుపెట్టి, గుడ్డు ముక్కలు పెడుతూ, రెండు వారాల్లో అసలు ఏడుపంత దాకా పెంచండి. చెవులు వెనక్కి వాలినా, తోక కాళ్ల మధ్యకు పోయినా ఆ రోజుకు శబ్దం తగ్గించండి. ఇరుగుపొరుగుకు ముందే చెప్పి ఉంచండి. నేను చెప్పలేదు. నా భార్య ఊళ్లో లేదు, ఇంట్లోంచి రోజూ పసిబిడ్డ ఏడుపు. ఎదురింటి పెద్దాయన ఒక సాయంత్రం మెల్లగా వచ్చి, అంతా బాగేనా బాబూ అని అడిగారు.

పిల్లికి ఇవేవీ పట్టవు. దానికి కావాల్సింది మెత్తని, వెచ్చని చోటు. గొడుగులా విప్పే చిన్న దోమతెర ఉంటే పిల్లి నుంచి కాపు దొరికినట్టేనని నేననుకున్నాను. ఓ మధ్యాహ్నం చూస్తే తెర నట్టనడుమ పిండి హాయిగా పడుకుని ఉంది. దాని బరువుకు తెర కుంగి కింద బొమ్మ ముఖానికి తగులుతోంది. బొమ్మ కాబట్టి సరిపోయింది. పిల్లి బిడ్డ ఊపిరి పీల్చేస్తుందన్న మాట కట్టుకథే. కానీ ఊపిరాడకుండా ముఖం మీద పడుకునే ప్రమాదం నిజం. బిడ్డ నిద్రపోయే గదిలో పిల్లి ఉండకూడదు. తెరను నమ్మకండి, తలుపును నమ్మండి.

పెద్దపాపతో ఏం మాట్లాడాలి

"నీతో ఆడుకోవడానికి తమ్ముడు వస్తున్నాడు" అని చెప్పకండి. వచ్చేవాడు ఆడుకోడు. పాలు తాగుతాడు, ఏడుస్తాడు, పడుకుంటాడు. ఆరు నెలల దాకా అంతే. మాట తప్పింది మీరే అయినా పిల్లకు కోపం వచ్చేది వాడి మీద. పుట్టిన బిడ్డకు జానెడు, జానెడున్నర దూరంలోని ముఖం మాత్రమే కాస్త తెలుస్తుందని, గొంతు మాత్రం గుర్తుపడతాడని చెప్పండి. చిట్టి ఈ మాట పట్టుకుని అమ్మ కడుపు దగ్గర నోరు పెట్టి, కర్రి ఆ పూట ఏం చేసిందో రోజూ కబురు చెప్పేది.

తమ్ముడు కావాలా చెల్లి కావాలా అని అడగడం మానండి, చుట్టాల చేతా మాన్పించండి. పిల్ల నోటి వెంట ఏది వస్తే అదే పుడుతుందని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. చెల్లి అని చెప్పిన పిల్లకు తమ్ముడు పుడితే తానేదో తప్పు చెప్పినట్టు బిక్కముఖం వేస్తుంది.

తన పసితనం ఫోటోలు చూపించండి. అందరికంటే బాగా పనిచేసే కథ తనదే. నువ్వూ ఇంతే ఉండేదానివి, ఇలాగే ఏడ్చేదానివి, మేము ఇలాగే ఎత్తుకున్నాం.

కాన్పు తర్వాత వాసన ముందు రావాలి

పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టించండి. తేనె, చక్కెర నీళ్లు నాలుకకు రాయనివ్వకండి. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలు వద్దు. ఇవి మీ డాక్టరమ్మ చెబుతుంది, నేను సాగదీయను.

పెద్దపాప బిడ్డను మొదటిసారి చూసే క్షణం మాత్రం మీ చేతిలో ఉంటుంది. చిట్టి గదిలోకి వచ్చేసరికి బాబు అమ్మమ్మ ఒడిలో ఉండేలా, అమ్మ చేతులు ఖాళీగా ఉండేలా చూశాం. చిట్టి నేరుగా వెళ్లి అమ్మను కరుచుకుంది. వాడి వైపు తనంతట తాను తిరగడానికి పది నిమిషాలు పట్టింది. మేమెవరం చూడు చూడు అని తొందరపెట్టలేదు. తమ్ముడు నీకోసం తెచ్చాడని బొమ్మను చేతిలో పెట్టమని ఎవరో సలహా ఇస్తే అదీ చేశాం. "తమ్ముడికి డబ్బులెక్కడివి?" అని చిట్టి అడిగింది. ఆ సలహా మీకు ఇవ్వను.

ఇక కర్రి. మూడో రోజు బాబుకు చుట్టిన పాత నూలుగుడ్డను ఉతకకుండా కవరులో మూట కట్టుకుని నర్సంపేట నుంచి బస్సెక్కాను. దాదాపు నలభై కిలోమీటర్లు. పక్క సీటాయన గీసుకొండ దాకా ముక్కు చిట్లించి, ఆ తర్వాత లేచి వేరే సీటుకు మారాడు. ఇంటికొచ్చి గుడ్డను నేల మీద పరిచి నాలుగడుగులు వెనక్కి జరిగాను. కుక్క ముక్కుకు మీరుగా అదమకండి, వాసన చూడటం దాని ఇష్టం. కర్రి దూరం నుంచే మెడ సాచింది, దగ్గరికి వచ్చింది, మూడుసార్లు చూసింది, తుమ్మింది. తర్వాత వెళ్లి గేటు దగ్గర కూర్చుంది. ఆ గుడ్డ మీద బాబు వాసనతో పాటు మా ఆవిడ వాసన కూడా ఉందని నాకప్పుడు తట్టింది. ఆ రాత్రి దాకా అది గేటు దగ్గరి నుంచి కదల్లేదు.

వారానికోసారి ఇలా ఒక గుడ్డ తెచ్చుకోండి. చూశాక తీసేయండి. నమలడానికో పరుచుకోవడానికో కుక్కకు వదిలేస్తే బిడ్డ గుడ్డలన్నీ తనవే అనుకుంటుంది.

తిరిగి వచ్చే రోజు

మంచిరోజు చూసేటప్పుడు టీకాల కార్డు కూడా చూడండి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు టీకాలు ఉంటాయి. ఆ సూదుల తర్వాత ఒకటి రెండు రోజులు బిడ్డ నలతగా ఉండవచ్చు, కాస్త జ్వరం రావచ్చు. పద్నాలుగో వారం సూది వేయించిన మర్నాడే బయల్దేరితే దారంతా ఏడుపు, ఇంటికొచ్చాకా ఏడుపు. మేము రెండు రోజులు ఆగి వచ్చాం. కార్డు మరచిపోకుండా తెచ్చుకోండి.

ఆ ఉదయం కుక్కను మామూలుకంటే రెట్టింపు సేపు తిప్పండి. కర్రిని చెరువు కట్ట మీద గంటన్నర నడిపించాను. అలిసిన కుక్క సగం మంచి కుక్క. తిండి పెట్టి పెరట్లో కట్టేయండి. గడప దగ్గర దిష్టి తీసేటప్పుడు ఎర్రనీళ్లు, హారతి, గుంపు, ఏడుపు అన్నీ ఒక్కసారిగా ఉంటాయి. ఆ తతంగంలో కుక్కకు పనిలేదు.

తర్వాత బిడ్డను లోపల అమ్మమ్మకు అప్పగించి మీ ఆవిడ ఒంటరిగా పెరట్లోకి వెళ్లాలి. నెలల తర్వాత చూస్తోంది, కుక్క మీద పడి ఎగురుతుంది, నాకుతుంది, మూలుగుతుంది. ఆ ఉబలాటమంతా అక్కడే తీరనివ్వండి. ఆమె చేతిలో బిడ్డ ఉన్నప్పుడు ఆ ఎగురుడు ఎగరకూడదనే ఈ ఏర్పాటు. చిట్టిని కూడా అప్పుడే వెంట పంపాం.

పరిచయం మాత్రం వచ్చినవాళ్లంతా వెళ్లాకే. కుక్క మెడకు తాడు ఉండాలి, తాడు మీ చేతిలో ఉండాలి, వదులుగా ఉండాలి. బిగించి పట్టుకుంటే మీ భయం తాడు వెంట దానికి చేరుతుంది. ఆమె బిడ్డతో కుర్చీలో కూర్చుంటుంది, మీరు పది అడుగుల దూరంలో నిలబడతారు. కుక్క ప్రశాంతంగా ఉంటే రెండడుగులు ముందుకు. బిడ్డ కాళ్ల వైపు వాసన చూడనివ్వండి, ముఖం, చేతుల వైపు కాదు. నాకనివ్వకండి. భయపడి బిడ్డను ఒక్కసారిగా పైకి ఎత్తకండి. పైకి పోయే వస్తువు కోసం కుక్క ఎగురుతుంది. అయిదు నిమిషాలు చాలు, ఆ రోజుకు అంతే.

కుక్క మాటలు నేర్చుకోండి. నిద్ర రాకపోయినా ఆవలించడం, మాటిమాటికి మూతి నాక్కోవడం, తల తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఒళ్లు కట్టెలా బిగిసిపోవడం, ఇవన్నీ దానికి ఇబ్బందిగా ఉందని చెప్పడమే. గుర్రుమంటే కొట్టకండి, తిట్టకండి. మెల్లగా దూరం తీసుకెళ్లండి. గుర్రుమనడం హెచ్చరిక. దెబ్బ కొట్టి ఆ హెచ్చరికను మాన్పించిన కుక్క, రేపు హెచ్చరించకుండానే కరుస్తుంది.

ఒక నియమానికి మాత్రం మినహాయింపు లేదు. కుక్క, బిడ్డ ఒకే గదిలో పెద్దవాళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. ఎంత మంచి కుక్కయినా సరే. నాలుగేళ్ల అక్కను పెద్దవాళ్ల లెక్కలో వేయకండి. పొయ్యి మీద పాలు పొంగితే లేచే ముందు కుక్కను బయటికి పంపండి, లేదా బిడ్డను చంకనేసుకుని వెళ్లండి. పాలు పొంగితే పొంగనివ్వండి.

పాలిచ్చే వేళ, చుట్టాలొచ్చే వేళ

నన్నడిగితే కుక్కా పిల్లీ తేలిక. కష్టం అక్కది. అమ్మ పాలివ్వడానికి కూర్చోగానే మా చిట్టికి దాహం వేసేది, లేదా వేలు నొప్పి పుట్టేది, లేదా పిండి తోక పట్టుకుని లాగాలనిపించేది. ఒక రేకు డబ్బా తీసుకుని అందులో పూసలు, రంగు కాగితాలు, పాత పెళ్లిపత్రికలు, అగ్గిపెట్టెల ఖాళీ డబ్బాలు వేశాం. ఆ డబ్బా పాలిచ్చేటప్పుడు మాత్రమే తెరుస్తాం. వాడు పాలు తాగడం అయిపోగానే మూసేస్తాం. వారం తిరక్కుండానే, "తమ్ముడికి ఆకలేస్తోందేమో చూడమ్మా" అని తనే గుర్తుచేయడం మొదలుపెట్టింది. పూసలు లెక్కపెట్టి మూయండి, తర్వాత అవే నేల మీద దొరుకుతాయి.

మాన్పించిన అలవాట్లు మళ్లీ వస్తాయి. పక్క తడపడం, ముద్దుముద్దుగా మాట్లాడటం, నన్నూ ఎత్తుకోమనడం. ఇంత పెద్దదానివయ్యావు సిగ్గులేదా అనకండి. పక్కబట్ట మార్చి ఊరుకోండి. కొన్ని వారాల్లో అవే పోతాయి. రోజుకు ఇరవై నిమిషాలు అమ్మ తనతో మాత్రమే ఉండాలి, బాబు ఆ సమయానికి మీ దగ్గర ఉండాలి. జడ వేయించుకున్నా సరే, గోడ మీద కూర్చుని ఇద్దరూ జామపండు తిన్నా సరే.

చుట్టాల నోళ్లు మూయించడం అన్నిటికంటే కష్టం. "నిన్ను తవుడుకు కొన్నాం, వీడే మా అసలు కొడుకు" అని ముద్దుగానే అంటారు. ఇక నిన్నెవరు చూస్తారమ్మా అని నవ్వుతారు. మనమంతా ఆ తవుడు మాటలు విని పెరిగినవాళ్లమే, కానీ తమ్ముడు వచ్చిన నెలలో ఆ మాట నాలుగేళ్ల పిల్లకు పరాచికంలా వినిపించదు. మా మేనత్త అలా అన్న రోజు చిట్టి రాత్రి నిద్రలో లేచి, తవుడు కిలో ఎంత అని అడిగింది. మర్నాటి నుంచి వచ్చేవాళ్లకు ఫోనులోనే చెప్పేశాం: ముందు పెద్దదాన్ని పిలవండి, తర్వాత బాబును చూడండి. తొట్టెల నాడు, ఉయ్యాలలో వేసే వేడుకలో కూడా బాబు పేరును అందరికంటే ముందు అక్క చెవిలోనే చెప్పాం.

అక్క ప్రేమ కూడా ప్రమాదమే. ఒక పూట బాబు నోరు విచిత్రంగా ఆడిస్తుంటే మా ఆవిడ వేలు పెట్టి చూసింది. నాలుక మీద ఒక పుట్నాల పప్పు. "నోరు తెరిచాడమ్మా, అందుకే పెట్టాను" అంది చిట్టి. ఆమె చేతిలో ఇంకో పిడికెడు ఉన్నాయి. అడ్డం పడి ఊపిరాడకపోవడానికి ఒక్క పప్పు చాలు. ఆరు నెలల దాకా వాడి నోట్లోకి తల్లిపాలు, డాక్టరు రాసిన మందు తప్ప ఏదీ పోకూడదని అక్కకు రోజూ చెప్పండి. తిట్టడం కంటే ఒక పని అప్పగించడం మేలు: "వాడి నోట్లో ఎవరైనా ఏమైనా పెట్టబోతే నాకు చెప్పే పని నీది." ఆ తర్వాత మా మేనత్త ఉగ్గు గిన్నెతో వచ్చినప్పుడు చిట్టి కేక వీధి చివరిదాకా వినబడింది.

ఉయ్యాల తాడు అక్క చేతికి ఇవ్వకండి. జోల ఆమెది, ఊపు పెద్దవాళ్లది. చీర ఉయ్యాలలో బిడ్డ ఉన్నంతసేపూ కళ్లు వాడి మీదే ఉండాలి. రాత్రి నిద్రకు గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి, చుట్టూ దిండ్లు వద్దు.

పొద్దుటి ఎండకు బిడ్డను మిద్దె మీదికి తీసుకెళ్తే ఒళ్లో ఉంచుకోండి. చాప మీద పడుకోబెట్టి బట్టలు ఆరేస్తూ కూర్చోకండి. మన ఊళ్లో కోతుల సంగతి తెలిసిందే, బిస్కెట్ చేతిలో ఉన్న అక్కను కూడా అవి వదలవు.

కరిస్తే, గీరితే

మీ కుక్కే కావచ్చు, వీధికుక్కో, పిల్లో, కోతో కావచ్చు. పంటి గాటు పడినా, గోరు గీరి చర్మం లేచినా వెంటనే కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, ఎందుకంటే రెండు నిమిషాలకే చాలా సేపు కడిగామనిపిస్తుంది. కారం, సున్నం, పసుపు పెట్టకండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఎంత మిర్చి ఉన్నా కుక్కకాటుకు మందు కాదు. గట్టిగా కట్టు కట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, వరంగల్‌లోని ఎంజీఎం వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు, కండకు వేసే పద్ధతిలో 14వ రోజు కూడా సూది పడుతుంది. గాయం నుంచి రక్తం వస్తే గాయం చుట్టూ మరో మందు కూడా వేస్తారు. తగ్గింది కదా అని మధ్యలో మానకండి. కుక్కకు టీకా ఉందన్న ధైర్యంతో ఇంట్లో కూర్చోకండి, ఆ మాట డాక్టరే చెప్పాలి.

పాకడం మొదలయ్యాక మళ్లీ మొదటికి

ఏడు, ఎనిమిది నెలలకు కుక్క దృష్టిలో మరో కొత్త జీవి ఇంటికి వస్తుంది. ఇన్నాళ్లూ పడుకుని ఉన్నది ఇప్పుడు తన ఎత్తులో, తన కళ్లలోకి చూస్తూ, నేరుగా తన మీదికి వస్తోంది. వెంట్రుకలు గుప్పిట పట్టి వదలదు. ఇన్నాళ్లూ బాగానే ఉంది కదా అని అందరూ ఏమరుపాటుగా ఉండేదీ అప్పుడే.

కుక్క గిన్నె, నీళ్ల గిన్నె, పిల్లి మట్టి తొట్టె పెరట్లోకి మార్చండి. తిన్నాక గిన్నె ఎత్తేయండి. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, ఎముక కొరుకుతున్నప్పుడు కుక్క దగ్గరికి పోకూడదని అక్కకు ఇప్పటికే వచ్చి ఉండాలి. బాబుకు అది చెప్పి లాభం లేదు, కాబట్టి ఎత్తుకుని అవతలికి తీసుకెళ్లడం మీ పని. కుక్క పడుకునే చోటు మూలగా ఉంటే మార్చండి. పారిపోవడానికి దారి లేని కుక్కే ఎక్కువగా కరుస్తుంది. మా జంపఖానాను గోడ మూల నుంచి జరిపి జాలీ తలుపు పక్కన వేశాం, తలుపు తెరిచి ఉంటే అటు, లేకపోతే పెరటివైపు ఇటు.

నిన్న సాయంత్రం బాబు పాకుతూ కర్రి తోక దాకా వెళ్లాడు. నేను లేచేలోపే కర్రి లేచి, ఒళ్లు విదిలించుకుని, జాలీ తలుపు దాటి అవతలి గదిలోకి వెళ్లి పడుకుంది. చిట్టి దాని వెనకే నడిచి, తలుపును కాలితో తోసి, మునివేళ్ల మీద నిలబడి గొళ్లెం పెట్టింది. పిల్లకు అందకూడదని ఎత్తులో పెట్టించిన గొళ్లెం అది. ఇంకో జానెడు పైకి జరపడానికి వడ్రంగికి కబురు పెట్టాలి.